రాక్షసునికొక శాపము, శాపమునకొక గడువు

1974వ సంవత్సరమున అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడను వెలువరించిరి. ఒక బల్ల చుట్టు నలుగురైదుగురు కూర్చుందురు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను కల్పించుకొని, ఆ పాత్రగానే పలికి, ఆ పాత్రగానే నిర్ణయించి, దాని ఫలమును అనుభవింతురు. ఒకరు మాత్రము ఏ పాత్రకును పరిమితులు కాక ఆ కల్పితలోకమును, అందలి గ్రామములను, అరణ్యములను, భూతప్రేతములను సృజించి నడపుదురు. వారిని ఆంగ్లమున డంజన్ మాస్టర్ అందురు; మన నాట్యపరిభాషలో సూత్రధారుడనుట సమంజసము. ఏది సిద్ధించునో ఏది విఫలమగునో కొంత పాచికలు చెప్పును, కొంత సూత్రధారుని వివేకము చెప్పును. నెలల తరబడి సాగు ఇట్టి కథాప్రవాహమునకు కాంపెయిన్ అని పేరు.

ఈ క్రీడకు మన పురాణములతో సంబంధము ఆదినుండియు కలదు. 1977లో వెలువడిన ‘మాన్‌స్టర్ మాన్యువల్’ అను భూతకోశములో రాక్షసుడు ఉన్నాడు. పులి తల, విలాసవంతమైన నిలువుటంగీ, చేత పొగగొట్టము. ఎదుటివాని మనస్సును చదివి, వాడు నమ్మిన మనిషి రూపమున దరిచేరి భక్షించును. మంత్రపూతమైన క్రాస్‌బో బాణము తగిలినచో చచ్చును. ఈ చివరి లక్షణము వాల్మీకినుండి వచ్చినది కాదు. 1974లో ‘కోల్చాక్: ది నైట్ స్టాకర్’ అను అమెరికా టెలివిజన్ ధారావాహికలో ప్రసారమైన ఒక భాగమునుండి వచ్చినది. అట్లు ఒక టెలివిజన్ రాక్షసుడు క్రీడాగ్రంథమునకెక్కి, నేటికిని పులితలతోనే తిరుగుచున్నాడు. విదేశములలో పెరుగు తెలుగు బాలుడు రాక్షసుని మొట్టమొదట కలిసికొనుట తాతమ్మ చెప్పు కథలో కాక ఈ పుటలోనే జరిగినను ఆశ్చర్యము లేదు.

పులితల దోషము కాదు. అశోకవనమున సీతాదేవి చుట్టు కాపున్న రాక్షస స్త్రీలను వాల్మీకి వర్ణించిన తీరును ఎరిగినవారు రూపకల్పనలో ఏ స్వేచ్ఛను చూచియు ఉలికిపడరు. ఒంటికన్నుదానిని, చెవులనే కప్పుకొనుదానిని, మేకమొగముదానిని, పందిమొగముదానిని ఆదికవియే చూపినాడు. దోషము ఆ బొమ్మ క్రింద వ్రాసిన ఒక్క పదములో ఉన్నది. ఆ క్రీడలో ప్రతి ప్రాణికిని అలైన్‌మెంట్ అను ఒక లక్షణము నిర్దేశింపబడును. ధర్మబద్ధమా, ఉచ్ఛృంఖలమా, సాధువా, దుష్టమా అని. రాక్షసుని ఎదుట దుష్టమని వ్రాయబడినది. ఒక వ్యక్తికి కాదు, జాతికంతకును. పాత నియమముల ప్రకారము భూతమును వధించినచో ఆటగానికి అనుభవాంకములు లభించును. కావున అది చంపదగిన జాతి. చంపుట వలన దుఃఖము లేదు, లాభము మాత్రము కలదు. భక్తులైన తలిదండ్రులు సాధారణముగ ఈ క్రీడలోని మంత్రతంత్రములను చూచి కలవరపడుదురు. కలవరపడవలసినది ఈ ఒక్క పదమును గూర్చి.

ఉత్తరకాండలో రాక్షసుల పుట్టుక చెప్పబడినది. ప్రజాపతి జలములను సృజించి, వానిని కాపాడుటకు ప్రాణులను సృజించెను. మేము రక్షింతుమన్నవారు రాక్షసులైరి. ఆ నామమే రక్షణధాతువునుండి పుట్టినది. అదే కాండలో తపస్సు చేసి బ్రహ్మను మెప్పించిన విభీషణుడు కోరిన వరము తన బుద్ధి ధర్మమునుండి తొలగరాదనుట. సుందరకాండలో హనుమంతుడు తెల్లవారుజామున లంకలో విన్న మొదటి ధ్వనులలో వేదఘోష ఒకటి, ఘోషించువారు బ్రహ్మరాక్షసులు. మహాభారతమున ఘటోత్కచుడు తన అనుచరులతో కలసి పాండవులను, ద్రౌపదిని మోసికొని దుర్గమ పర్వతములను దాటించెను. 1957 నాటి ‘మాయాబజార్’ చలనచిత్రమును చూచిన తెలుగువారికి ఆ రాక్షసుడు ఇంటి బిడ్డ. అతడు మరణించినపుడు శ్రీకృష్ణుడు సంతోషించెననియు, బ్రతికియున్నచో తానే వధించియుందుననెననియు ద్రోణపర్వము చెప్పుచున్నది. దానిని చలనచిత్రము చెప్పలేదు, చెప్పవలసిన పనియు లేదు. కాని సూత్రధారుడు ఈ రెంటిని తెలిసియుండవలెను. ఒక్క పదములో ఇమిడిపోవు రాక్షసుడు మన వాఙ్మయమున దాదాపు కానరాడు.

మరి ఆ ఒక్క పదమునకు మారుగా పత్రముపై ఏమి వ్రాయవలెను? దానికి సమాధానము పురాణకర్తలే ఇచ్చియున్నారు. వారు భూతమును సృజించినపుడు మూడు ప్రశ్నలను వదలలేదు. ఇది ఇట్లెందుకైనది, దీనికి ఏ వరము రక్షగా ఉన్నది, దీనికి విమోచనము ఎవరి చేతిలో ఉన్నది. వీనిలో మూడవది ముఖ్యము.

కబంధుని చూడుడు. తల లేదు, మెడ లేదు. కడుపులో నోరు, దానిపై ఒక్క కన్ను. యోజనము పొడవైన చేతులు చాచి క్రౌంచారణ్యమున దొరికిన ప్రాణినెల్ల లాగికొని తినును. ఏ దేశపు భూతకోశమునందైనను ఇంతకంటె భయంకరమైన మొండెము దొరకుట కష్టము. ఐనను ప్రతి అవయవమునకును కారణమున్నది. దీర్ఘాయువు కలుగునట్లు బ్రహ్మవలన వరము పొంది, ఆ గర్వముతో ఇంద్రునిపై కలియబడెను. వజ్రాయుధపు దెబ్బకు తలయు తొడలును కాయమున దిగబడెను. ఆయువు వరము గనుక చావడు. నోరు లేదు గనుక తినలేడు. అట్టి దురవస్థను చూచి ఇంద్రుడే పొడవైన చేతులను, కడుపులో నోటిని ఇచ్చెను. శిక్షించినవాని కనికరము నుండి ఆ వికృతి పూర్తియైనది! స్థూలశిరుడను ఋషి శాపమును ఈ కథలో కలసియున్నది. రామలక్ష్మణులు చేతులు నరుకుట, దేహమును దహించుట అను రెండు కార్యములు జరిగిన పిమ్మట దివ్యరూపముతో లేచి, ఋష్యమూకముననున్న సుగ్రీవుని చెలిమి చేయుడని చెప్పినవాడు ఈ కబంధుడే. సీతాన్వేషణలో ముందునకు దారి తెలియక నిలిచిన కథకు తలుపు ఆ మొండెములో ఉన్నది. వానిని చంపి అంకములు లెక్కించుకొని వెడలిపోయిన ఆటగాండ్రకు ఆ తలుపు తెరచుకొనదు. దహనసంస్కారము చేసినవారికే తెరచుకొనును.

విరాధుని కథయు ఇట్టిదే. శస్త్రములతో చావని వరమున్నవాడు. కుబేరుని శాపమున అట్లైన తుంబురుడను గంధర్వుడు. తనను గోతిలో పూడ్చుమని తానే కోరి, శరభంగ మహర్షి ఆశ్రమమునకు త్రోవ చెప్పి పోయెను. పోతన భాగవతమును ఎరిగిన తెలుగు పాఠకునకు గజేంద్రుని పట్టిన మకరి హూహూ అను గంధర్వుడని, దేవలుని శాపమున అట్లైనాడని ప్రత్యేకముగ చెప్పనక్కరలేదు. భీముని చుట్టిన అజగరము నహుషుడు. అతని పట్టు గదతో వీడలేదు, యుధిష్ఠిరుని సమాధానములతో వీడినది.

ఐతే ఈ విషయమున సర్వోత్తమమైన నిదర్శనము సంస్కృతమున కాక తెలుగున ఉన్నదనవచ్చును. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ షష్ఠాశ్వాసమున మాలదాసరి కథ కలదు. దీని మూలము వరాహపురాణమున ఉన్నది. పంచముడైన ఒక భక్తుడు కురుంగుడి స్వామిని ప్రతిదినము వేకువనే పాడి కొలుచును. ఒక రాత్రి తెల్లవారినదని భ్రమించి బయలుదేరి, దారి తప్పి, పాడుబడిన ప్రదేశమున ఒక మర్రిచెట్టు క్రిందికి చేరును. ఆ చెట్టుపై కుంభజానువను బ్రహ్మరాక్షసుడున్నాడు. రాయలు ఆ మర్రిని, ఆ రాక్షసుని ఎంత సావకాశముగ వర్ణించెనో చదివినవారెరుగుదురు. భూతసృష్టి చేయదలచినవారు ఒక మాసము ఆ పద్యములతో గడపినను కాలము వ్యర్థము కాదు. పట్టుబడిన దాసరి ప్రాణభిక్ష కోరడు. స్వామికి పాడి తిరిగివత్తును, అటుపిమ్మట తినుమనును. రాక్షసుడు నవ్వును, నోటికి చిక్కినవాడు పోయి మరల వచ్చునా? దాసరి శపథములు చేసి వెడలును, పాడును, తిరిగివచ్చును. అక్కడ కథ తలక్రిందులగును. తినవలసినవాడు యాచకుడగును. నీ పాటల ఫలములో నాకు కొంత యిమ్మని భక్ష్యమును భక్షకుడు ప్రార్థించును. పూర్వజన్మమున వాడు సోమశర్మయను బ్రాహ్మణుడు, ఎంతో చదివినవాడు, ఆ చదువు వానిని ఆ చెట్టెక్కకుండ ఆపలేకపోయినది. వాని విమోచనము వేదపండితుని చేతిలో లేదు, క్షత్రియుని ఖడ్గములో లేదు. ఊరి వెలుపలి దాసరి గొంతులో ఉన్నది.

క్రీడాదృష్టితో దీనిని చూచినచో ఎంత లోతైన కల్పనయో తెలియును. బలవంతుడైన వీరుడు బల్ల చుట్టునున్న మిగిలినవారిని వెనుకకు నెట్టి, పాచికలు దొర్లించి గెలువగల సన్నివేశము కాదిది. అందరికంటె అల్పమనుకొన్న పాత్ర, ఆయుధము లేని పాత్ర, తన మాటను నిలుపుకొని రెండవసారి ఆ చెట్టు క్రిందికి నడచినపుడు మాత్రమే ముడి విడును. ఆ రెండవ నడక ఆటగానికి నిజముగ కష్టమైనది. తప్పించుకొన్న పాత్రను చేజేతుల మృత్యువు వద్దకు తీసికొనిపోవలెను. సత్యమనునది ఏమిటో ఆ క్షణమున ఉపన్యాసము లేకయే తెలియును.

భూతము యొక్క రూపమును దాని కర్మమునుండి పుట్టించుట మరియొక విద్య. గరుడపురాణమున ఐదుగురు ప్రేతల కథ కలదు. వారి పేర్లే వారి చరిత్రలు. అతిథికి చద్దియన్నము పెట్టి తాను మంచిది తిన్నవాడు పర్యుషితుడు. ఆకలిగొన్నవాడు అడుగగానే వడివడిగ నడచిపోయినవాడు శీఘ్రగుడు. అడిగినవానికి బదులు చెప్పక నేలపై గీతలు గీచుచు కూర్చున్నవాడు లేఖకుడు. అన్నార్తులను హింసించినవాడు సూచీముఖుడు. సూదిమొన వంటి నోరు. ఇవి హత్యలు కావు, దోపిడులు కావు. ప్రతి గృహస్థుడును ఏదో ఒకనాడు చేసియుండు లోభములు. నేలపై గీతలు గీచు ప్రేతను రాత్రి దారిలో చూచిన పాత్ర భయపడును. దాని కారణము తెలిసిన ఆటగాడు మరింత భయపడును.

వరమును కల్పించుటలో హిరణ్యకశిపుని మించిన ఆదర్శము లేదు. పగలు కాదు, రాత్రి కాదు. ఇంట కాదు, వెలుపల కాదు. నరుడు కాదు, మృగము కాదు. ఆ కాదనుటల మధ్య మిగిలిన సందులనుండియే నృసింహమూర్తి రూపుదాల్చినది. నంద్యాల మండలమున అహోబిలమునకు పోయి ఉగ్రస్తంభమను ఆ కొండకొమ్మును చూచినవారికి ఆ సందు ఎంత సన్ననిదో స్ఫురించును. వరము ఎంత పకడ్బందీగ ఉండునో దానిలోని వెలితి అంత సుందరముగ ఉండవలెను. మన జానపదులును ఇది తెలిసినవారే. బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు ప్రాణము వాని దేహములో లేదు, ఏడు సముద్రముల అవతల చిలుకలో ఉన్నది. క్రాస్‌బో బాణముతో పోల్చిచూడుడు. ఆ బాణమునకు రాక్షసుని కథతో ఏ సంబంధమును లేదు, ఎవడు కొనితెచ్చినను పనిచేయును. చిలుక వద్దకు మాత్రము కథలో నడచియే పోవలెను.

దీనికి శాస్త్రజ్ఞులు ఒక ఆక్షేపము చెప్పవచ్చును, అది తేలికగ త్రోసివేయదగినది కాదు. గీత పదునారవ అధ్యాయమున దైవాసుర సంపద్విభాగము కలదు. ఆసురస్వభావులు మరల మరల ఆసురయోనులలోనే పడుదురని భగవంతుడు అచ్చటనే చెప్పినాడు. శ్రీమధ్వాచార్యుల సిద్ధాంతమున జీవులకు స్వరూపభేదము అంగీకృతము. ముక్తియోగ్యులు, నిత్యసంసారులు, తమోయోగ్యులు అని. అట్లైనచో దుష్టమను ముద్ర అశాస్త్రీయమెట్లగును?

గీతలో ఉన్న పదము సంపద. సంపద అనగా కూడబెట్టుకొనునది. అదే అధ్యాయమున నీవు దైవీసంపదతో పుట్టినవాడవు, శోకింపకుమని అర్జునుని ఊరడించుట, ఆ సందేహము అర్జునునకును కలుగదగినది గనుకనే. రెండు సంపదలును మనుష్యునిలోనే లెక్కింపబడినవి. దంభము, దర్పము, క్రోధము ఏ కోరలున్న జాతికిని ప్రత్యేకములు కావు. ఇక మాధ్వమతములో సైతము జీవుని స్వరూపము వేరు, తాల్చిన దేహము వేరు. ప్రహ్లాదుడు దైత్యదేహమున నున్న దేవతయని వారు చెప్పుదురు. తమోయోగ్యుడు రాజవేషమున ఉండవచ్చును, పండితవేషమునను ఉండవచ్చును. పులితలను చూచి స్వరూపమును నిర్ణయించు అధికారము ఏ ఆచార్యుడును ఎవరికిని ఈయలేదు. ఆశ్చర్యమేమనగా, ఆ క్రీడ ప్రచురణకర్తలే 2020లో ఓర్కులు, డ్రౌలు అను తమ కల్పితజాతులను పుట్టుకతో దుష్టులుగ చిత్రించు పద్ధతిని విడనాడుదుమని ప్రకటించిరి. వారిని అచ్చటికి చేర్చినది పాశ్చాత్యదేశములలోని జాతివివక్షా చర్చ, కర్మసిద్ధాంతము కాదు. దారి వేరైనను చేరినచోటు మంచిదే.

ఇంకొక ప్రమాదము ఎదుటి ప్రక్కన ఉన్నది. రాక్షసునకు కథ ఉన్నదనగానే రాక్షసుని నాయకుని చేయుట నేటి రచయితలకు వేడుకైనది. రావణుని పక్షమున పుస్తకములు వచ్చుచునే ఉన్నవి. శాపము కారణమును చెప్పును, నేరమును కడుగదు. కబంధుడు నిజముగ ప్రాణులను తినెను. రాముడు నిజముగ చేతులు నరికెను. దండమును మాని దయ చూపుట రామాయణమార్గము కాదు. దండించి, దహించి, లేచివచ్చినవాని మాట వినుట రామాయణమార్గము.

ఇక ఆటగాండ్రు సృజించుకొను పాత్రల మాట. ఈ క్రీడలో పాత్రకు ఆరు గుణములను అంకెలతో నిర్ణయింతురు. బలము, లాఘవము, దార్ఢ్యము, మేధ, వివేకము, ఆకర్షణశక్తి. మేధను వేరుగ, వివేకమును వేరుగ లెక్కించుట ఆ రూపకర్తలకు ఎట్లు తోచినదో కాని, వేదాంతి దానిని చూచి సంతోషించును. రావణుని పత్రమున మొదటిది ఎంత, రెండవది ఎంత అని ఎవరికి వారే వ్రాసికొనవచ్చును.

పాత్రను ధరించుట తనంతట దోషము కాదు. ‘వివేకచూడామణి’లో బ్రహ్మవేత్తకు నటుని ఉపమానము కలదు. వేషము వేసినను తీసినను నటుడు ఆ మనుష్యుడే. యోగవాసిష్ఠములోని శతరుద్రోపాఖ్యానము ఇంకను దగ్గరగ ఉన్నది. ఒక భిక్షువు వేడుకకు జీవటుడను మనుష్యుని తనయందే కల్పించుకొనెను. ఆ జీవటుడు మత్తిల్లి నిద్రించి తాను బ్రాహ్మణుడననుకొనెను. ఆ బ్రాహ్మణుడు స్వప్నమున సామంతుడాయెను. అట్లు రాజు, అప్సరస, లేడి, లత, తుమ్మెద, ఏనుగు, హంసయని పాత్రనుండి పాత్ర పుట్టుచు పోయి, తుదకు రుద్రుడైనపుడు జ్ఞప్తి కలిగెను. అపుడు ఆ రుద్రుడు చేసినది గమనింపదగినది. తన పాత్రలను చెరిపివేయలేదు. వెనుకకు నడచి ఒక్కొక్కని వద్దకును పోయి మేలుకొలిపెను.

ఈ క్రీడలో ప్రేక్షకుడు లేడు. భరతుని నాట్యమున రసము సహృదయ సామాజికునిదని అభినవగుప్తాదులు నిర్ణయించిరి. ఇచ్చట నటుడే సామాజికుడు. కావున పాత్ర దుఃఖము తనదని పొరబడు అవకాశము రంగస్థలముపై కంటె ఎక్కువ. పాచిక పడి తన పాత్ర మరణించినపుడు మిత్రునిపై నిజముగ అలిగి, వారము దినములు మాటలాడని యువకుడు వేషమును చర్మమనుకొన్నవాడు. దానికి అధ్యాసయని పేరు. అలుక తీరిన పిదప ఆ పేరును అతనికి చెప్పువారు ఇంటిలో ఒకరున్నచో, వేదాంతపాఠము అంతకంటె సులభముగ మొదలుకాదు.

దేవతలను ఈ బల్లపైకి తెచ్చుట మాత్రము వేరు విషయము. 1980 నాటి ‘డీటీస్ అండ్ డెమీగాడ్స్’ అను గ్రంథమున ఇంద్రుడు, అగ్ని మొదలగువారికి ప్రాణాంకములు నిర్ణయింపబడినవి. ప్రాణాంకములున్నవి గనుక అవి క్షీణించి సున్న కావచ్చును. ఇష్టదేవతను చంపగలిగిన వస్తువుగ లెక్కకట్టుట భక్తునకు కష్టము కలిగించును, కలిగించుట న్యాయమే. దేవతాపాత్రను ధరింపరాదని కాదు. తంజావూరు ప్రాంతమున మేలట్టూరులో, చుట్టును తమిళమే వినవచ్చు గ్రామమున, వేంకటరామశాస్త్రి తెలుగున రచించిన ‘ప్రహ్లాద చరిత్రము’ భాగవతమేళగా నేటికిని ఆడబడుచున్నది. అందు నృసింహుని ముఖమును పూజించియే తెత్తురు. దానిని ధరించువాడు ఆ దినమున ఉపవసించును. ధరించుటకు మార్గమున్నది, అంకె వేయుటకు లేదు. సూత్రధారుడు దేవతను దూరమునుండి రానిచ్చుట మేలు. స్వప్నముగ, అశరీరవాణిగ, దారిలో ఎదురైన ముసలివాని పలుకుగ.

జానపద భూతములను ఏరుకొనునపుడు ఇదే జాగ్రత్త మరొక విధముగ కావలెను. కొరివిదయ్యము కథలోనిది, పొలములలో రాత్రి మంటలు చూపి దారి తప్పించును, దానిని ఎట్లైనను మలచుకొనవచ్చును. పోలేరమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ భూతములు కారు. నేడును కుండలలో అన్నము వండి తలపై మోసికొనిపోయి మ్రొక్కు తల్లులు. నగరమున చదివిన సూత్రధారుడు ఊరి దేవతను ‘రక్తము కోరు జానపద పిశాచి’యని వ్రాసిననాడు, పులితల రాక్షసుని గీచిన విదేశీయునికంటె ఎక్కువ తెలియనివాడగును, ఆ విదేశీయుడు ఆ గుడి ముందునుండి రోజును నడచినవాడు కాడు.

ఈ పద్ధతిలో ఒక భూతమును కల్పించిచూచిన ఎట్లుండును? ఒక పాత చెరువు. కట్ట క్రింద రాతి తూము. పూర్వము ఆ చెరువునకు ఒక నీరటి ఉండెను. ఏ మడికి ఎంత నీరో పంచువాడు. ఒక కరవునాడు ఎగువ ఆసామివద్ద ధనము తీసికొని, దిగువనున్న ఒక వితంతువు మడికి నీరాపెను. మడి ఎండినది. ఆమె పిల్లలను తీసికొని ఊరు విడిచినది. నీరటి చచ్చి ఆ తూములోనే నిలిచిపోయెను. దేహము చెరువంత, గొంతు సూదిబెజ్జమంత. మెడలోతు నీటిలో నిలిచి దాహముతో అలమటించును. రాత్రివేళ తూము తెరవ వచ్చినవారిని లోనికి లాగును. వరము: ఇనుము వానిని తాకదు, నిప్పు వాని ఎదుట ఆరిపోవును, చెరువులో నీరున్నంతవరకు చావు లేదు. శక్తి: ఎవని దాహము దేనికొరకో వానికి తెలియును. విమోచనము: ఆ వితంతువు వంశమున పుట్టినవారెవరైన, వాడెవడో తెలిసి, తమ దోసిటితో వానికి నీరు పోసిననాడు. ఊరిలో ఈ కథ తెలిసినవారు ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరును ఎగువ ఆసామి మనుమలు. చెప్పినచో నాటి నీటివంతు తిరిగి లెక్కకు వచ్చును గనుక చెప్పరు. భూతమును చంపినవారికి వేయి వరహాలు ఇత్తుమని చాటించినవారును వారే.

బల్ల చుట్టునున్న నలుగురిలో ఒక ఆటగాడు తన పాత్రకు వ్రాసికొన్న పూర్వకథలో, మా అవ్వ ఏదో కరవునాడు ఏదో ఊరినుండి పిల్లలతో వలస వచ్చినదని ఒక్క వాక్యమున్నది. అతడు దానిని వ్రాసి మరచినాడు. సూత్రధారుడు చదివి ఊరకున్నాడు. ఆ రాత్రి ఆటలో కత్తి దూసి అందరికంటె ముందు తూములోనికి దిగుచున్నవాడు అతడే.